ఇంగ్లండు అరమీసం, జర్మనీ అరమీసం

మా బాబాయి ముందు పళ్ళు రెండూ ఆయన కంటే ఒక అడుగు ముందు నడిచేవి. ఆయన వీధి మలుపు తిరగబోతున్నాడని పళ్ళని చూసే తెలుసుకునేవాళ్ళం. రెండు పెళ్ళి సంబంధాలు ఆ పళ్ళ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. రెండో సంబంధంవాళ్ళ పెద్దమనిషి మధ్యవర్తిని పక్కకి పిలిచి, "అబ్బాయి మమ్మల్ని చూసి నవ్వుతున్నాడా, మొహమే అంతా?" అని అడిగాడట. ఆ మాట చెవినబడ్డ రోజు నుంచి బాబాయి మీసం పెంచాడు. పెంచడమంటే మామూలుగా కాదు. పై పెదవి మీంచి కిందికి దిగి, పళ్ళని పూర్తిగా కమ్మేసి, మిగిలింది చెవుల వైపు బయల్దేరింది. మా నాయనమ్మ పాల మీగడ మాకు పెట్టకుండా దాచి ఆ మీసానికి రాసేది. ఆ మీసంతో ఫొటో తీయించి పంపిస్తే గురజాల నుంచి మూడో సంబంధం కదిలింది.

అలాంటి మీసాన్ని తీసుకెళ్ళి, ఆస్ట్రేలియాలో జరిగే కార్ల పందెం మీద ఒడ్డాడు.

నరసరావుపేటలో కారు కనపడితే 'ఎవరింట్లో పెళ్ళి' అని అడిగే రోజులవి. ఎనభైలు సగం గడిచాయి. అలాంటి ఊరికి ప్రపంచ కార్ల పందేల పిచ్చి పట్టుకోవడానికి కారణం సత్తెనపల్లి రోడ్డులో ఉన్న లారీల షెడ్డు. షెడ్డు ఒక సాయిబుగారిది. ఎదురుగా మా బాబాయి పురుగుమందుల కొట్టు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు కాబట్టి ఆయన నాకు మామ. షెడ్డు మామ తమ్ముడు కువైట్‌లో పనిచేస్తూ అన్నకి ఒక పెద్ద రేడియో పంపాడు. దాంతోపాటు కార్ల పందేల బొమ్మల పుస్తకం ఒకటి, వీడియో క్యాసెట్టు ఒకటి వచ్చాయి. వీడియో పార్లర్‌వాడు ఆ క్యాసెట్టుని సినిమాకీ సినిమాకీ మధ్యలో వేసేవాడు. నెల తిరక్కముందే పత్తి రైతులు సినిమా వదిలేసి పందెం కోసం రావడం మొదలుపెట్టారు.

ఇక పార్టీలు కట్టకుండా ఎలా ఉంటారు? మా వైపు ఇద్దరు మనుషులు ఒక బల్ల మీద కూర్చుంటే రెండు పార్టీలు, మూడో మనిషి వస్తే రాజీ. పైగా ఆ పందేల్లో మన దేశంవాడు ఒక్కడూ లేడు. అందువల్ల ఏ దేశాన్ని తలకెత్తుకోవాలన్నా మాకు సంపూర్ణ స్వాతంత్ర్యం ఉండేది.

మా బాబాయిది ఇంగ్లండు పార్టీ. ఇంగ్లీషువాళ్ళ నమూనాలో చేసిన పెద్ద మోటారు సైకిలు ఒకటి ఉండేది ఆయనకి. అది కదిలితే పక్క బజారులో గిన్నెలు కింద పడేవి. అంతకు మించి ఆయనకో సిద్ధాంతం ఉండేది.

"మనల్ని అన్నేళ్ళు ఏలినోడు బావా, ఆడు గెలిత్తేనే మనకి మర్యాద. పోయి పోయి చేతకానోడి కింద పడున్నామని పదిమందీ అనుకోరూ?"

షెడ్డు మామది జర్మనీ పార్టీ. పాతకాలం లారీలు జర్మనీవాళ్ళ పనితనంతో తయారయ్యాయని, అందుకే మాచర్ల రోడ్డు గతుకుల్లో కూడా బతికి ఉన్నాయని ఆయన నమ్మకం. "యుద్ధంలో ఓడాడంటే మడుసులు ఓడారు బావా. ఇంజను ఓడలా," అనేవాడు.

ఇటలీవాళ్ళ ఎర్ర కారుకి కూడా ఇద్దరు మనుషులుండేవారు. ఒకాయన రెంటచింతల నుంచి వచ్చి మా ఊళ్ళో ఉద్యోగం చేసే బడిపంతులు. పోపుగారుండే దేశం కారు కాబట్టి దానికోసం ప్రార్థన చేసేవాడు. రెండో ఆయన షెడ్డు పక్కన టీ హోటలాయన. దేవుడంటే గిట్టదు గానీ కారు ఎర్రగా ఉంది కాబట్టి ఎర్రజెండా పార్టీ మనిషిగా తప్పలేదు. ఆ ఏడాది ఎర్ర కారు ఒక్క పందెమూ గెలవలేదు. ఇద్దరూ చలించలేదు. ఒకాయన పరలోకం కోసం, ఇంకొకాయన విప్లవం కోసం అప్పటికే ఎదురుచూస్తున్నవాళ్ళు, ఓపికకి కొదవలేదు.

ఆ ఏడాది ఆఖరి పందెం ఆస్ట్రేలియాలో. ఏడాది పందేలన్నిటి మార్కులూ కలిపితే ఇంగ్లండు డ్రైవరు అందరికంటే ముందున్నాడు. ఊరికే రోడ్డు మీద ఉండి, క్షేమంగా ఇంటికొచ్చినా కప్పు ఆయనదే. పందేనికి ముందు వారం బాబాయి టీ హోటల్లో నిలబడి, జనం వినేలా మీసం మీద చెయ్యేశాడు.

"ఈ ఏడు కప్పు ఇంగ్లండుది కాకపోతే ఇది తీసేత్తా."

షెడ్డు మామకీ మీసం ఉంది. బాబాయిదంత కాదు గానీ, ఇంజనాయిలుతో నిగనిగలాడే మీసం. ఆయన కూడా లేచాడు. "జర్మనీది కాకపోతే నాది తీసేత్తా. కాచుకో బావా."

ఈ సంగతి ఇంటికి చేరేసరికి నాయనమ్మ మీగడ గిన్నె చేతిలో పట్టుకునే కూలబడింది. "ఒరేయ్, గురజాలోళ్ళు ఒప్పుకుంది నిన్ను చూసి కాదురా, దాన్ని చూసి! అది పోతే ఇంకేముందిరా నీ మొహాన?"

"పోదే అమ్మా. మనోడు ముందున్నాడు," అన్నాడు బాబాయి. ఇంగ్లండు డ్రైవరు మనోడైపోయాడు.

ఆదివారం పొద్దున్నే షెడ్డులో విప్పేసిన లారీ ఇంజను మీద రేడియో పెట్టి, దాని తీగని పైకప్పు రేకుకి కట్టారు. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని తెలుగు చేసే బాధ్యత నాది. ఇంటరు ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాసిన అనుభవం అక్కడ నాకొక్కడికే ఉంది. రేడియో గరగరలాడినప్పుడల్లా జనాన్ని ఖాళీగా ఉంచడం ఇష్టంలేక నాకు తోచింది చెప్పేవాణ్ణి. ఒక మలుపులో గేదెల మంద అడ్డం వచ్చిందన్నాను. "అంత డబ్బున్న దేశంలో కూడా గేదెల్ని కట్టేసుకోరా?" అని టీ హోటలాయన బాధపడ్డాడు. ఇంకో మలుపులో జపాను డ్రైవరు దిగి నీళ్ళు తాగి ఎక్కాడన్నాను. దానికీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చివరికొచ్చేసరికి రేడియోలో మనిషి గొంతు చించుకున్నాడు. ఇంగ్లండు డ్రైవరు కారు టైరు పేలిపోయింది. ఆ మాటే నేను చెప్పాను. గేదెల్ని నమ్మిన జనం టైరుని నమ్మలేదు.

"అబద్ధాలాడితే నోరు పగలగొడతా," అన్నాడు బాబాయి.

"నిజం బాబాయ్. పోయింది. బండి పక్కకి పెట్టేశాడు."

బాబాయి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. షెడ్డు మామ తలెత్తి, "ఆ మంగలాయన్ని పిలవండిరా, మా బావకి ఆలీసం అవుద్ది," అన్నాడు. ఇంతలో రేడియో గెలిచినవాడి పేరు చెప్పింది. ఎవడో ఫ్రాన్సువాడు. పందెమూ వాడిదే, కప్పూ వాడిదే.

ఫ్రాన్సుకి మా ఊళ్ళో పార్టీ లేదు.

ముందుగా తేరుకున్నవాడు షెడ్డు మామ. "ఆడు ఏ దేశపోడైతే మనకేంది? ఆ కారులో ఇంజను ఎవురిది? జర్మనీది! ఇంజను లేకుండా తోసుకుంటా పోయాడా ఆడు?"

బాబాయి లేచి నిలబడ్డాడు. పోతున్న ప్రాణం ముక్కు దాకా వచ్చి వెనక్కి తిరగడం అప్పుడే చూశాను. "మరి కారు ఎవురిది? ఇంగ్లండులో కట్టిన కారది! పుస్తకంలో బొమ్మేసి మరీ రాశాడు. నీ ఇంజను ఒక్కటే పరిగెత్తుద్దా చక్రాల్లేకుండా?"

అప్పటికిగానీ మాకు తెలిసిరాలేదు, పందెం కాసినప్పుడు ఇద్దరూ దేశం పేరు చెప్పారే తప్ప ఆ దేశానిది ఏది గెలవాలో చెప్పలేదని. మనిషా, బండా, ఇంజనా? మధ్యాహ్నం భోజనాల వేళకి సత్తెనపల్లి రోడ్డు రెండుగా చీలిపోయింది. తీర్పు చెప్పమంటే ఎవరిని అడగాలి? ఊళ్ళో పార్టీ లేని మనిషి లేడు. బడిపంతుల్ని అడిగితే, ఇటలీ సంగతి తేలేదాకా తానేమీ మాట్లాడనన్నాడు.

"బయట మడిసి కావాలి," అన్నాడు షెడ్డు మామ. "గురువారం మీ ఇంటికి గురజాల పెద్దాయన వత్తన్నాడు గదా. ఆయన్నే అడుగుదాం."

గురజాల పెద్దాయనంటే బాబాయికి కాబోయే మామగారు. పల్నాడంతటా బండలాగుడు పందేలకి ఆయనే న్యాయనిర్ణేత. ఎద్దుల జతకి రాతిబండ కట్టి, ఇచ్చిన గడువులో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ఆ బరిలో ఆయన ఈల వేశాడంటే ఎద్దులు కూడా ఎదురుచెప్పవు. సొంత తమ్ముడు ముల్లుగర్రతో ఎద్దుని ఒక పోటు ఎక్కువ పొడిచాడని తమ్ముడి జతనే బయటికి పంపిన మనిషి. మామగారు కదా, తన వైపే చెబుతాడని బాబాయి ఆశ. అలాంటి మనిషి అల్లుణ్ణి కూడా చూడడని షెడ్డు మామ ఆశ. ఇద్దరూ సరేనన్నారు.

గురువారం ఆయన వచ్చాడు. తలపాగా, మెడలో ఈల. పెళ్ళి మాటలకి కూడా ఈలతోనే వచ్చాడు. బాబాయి మీసానికి ఆ రోజు మీగడ రెండుసార్లు పడింది. కాఫీలయ్యాక షెడ్డు మామ గుమ్మంలోకి వచ్చి సంగతంతా చెప్పాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. పెళ్ళి మాటలప్పుడు ఆవులించిన మనిషి ఇప్పుడు ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఇంజను ఒకరిది, బండి ఒకరిది. అంతేనా?"

"అంతేనండి."

"రెండూ కలిపి కట్టారు."

"కట్టారండి."

"మా బరిలో ఇట్టాంటియ్యి చానా వత్తయ్. ఒక ఎద్దు ఎడ్లపాడోళ్ళది, ఒక ఎద్దు క్రోసూరోళ్ళది. ఇద్దరూ కలిపి కాడి కడతారు. గెలిత్తే ఏం చేత్తాం? చెరి సగం. ఇదీ అంతే. గెలుపు సగం ఇంగ్లండుది, సగం జర్మనీది. అంటే ఓటమి కూడా చెరి సగం." ఆయన కళ్ళు తెరిచి ఇద్దరి మొహాలూ చూశాడు. "చెరి అరమీసం తీసెయ్యండి."

టీ హోటలాయన గోడ అవతల నుంచి, "మరి తోలినోడండీ? ఆ ఫ్రాన్సాయన?" అని అడిగాడు.

"తోలినోడికి బరిలో ఏమిత్తాం? ఒక తువ్వాలు ఇచ్చి పంపిత్తాం."

నాయనమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చేసింది. "అన్నయ్యగారూ, మీరే అరమీసం తీయిత్తిరి. వచ్చే ఆదివారం మీ పిల్లని చూడ్డానికి వీడు ఏ మొహం పెట్టుకుని రావాలి?"

"అది వేరే పందెం చెల్లెమ్మా. దానికి నేను కాదు జడ్జిని. మా అమ్మాయి," అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.

అరమీసం తీయించుకున్నాక మిగతా సగం కూడా తీసేసుకుంటే పీడా పోయేది కదా అని మీకు అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ తీర్పు ప్రకారం ఉన్న సగం గెలుపు. ఆ సగం తీసేస్తే ఎదుటి దేశం మొత్తంగా గెలిచినట్టు. అందుకని బాబాయి ఇంగ్లండు అరమీసంతో కొట్టు తెరిచాడు. ఎదురుగా షెడ్డు మామ జర్మనీ అరమీసంతో లారీ కింద దూరాడు. ఒకరి మీసం కుడివైపు, ఇంకొకరిది ఎడమవైపు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే మొత్తం మీద ఒక మనిషికి సరిపోయే మీసం. పురుగుమందు అవసరం లేని రైతులు కూడా మందు కొనడానికి వచ్చారు. షెడ్డు మామ భార్య మీసం ఉన్న వైపు నిలబడితే తప్ప ఆయనతో మాట్లాడేది కాదు; రెండో వైపు నిలబడితే పరాయి మనిషిలా ఉన్నాడని.

"ఒరేయ్, ఆ మిగతాది గీకించుకోరా, కాళ్ళు మొక్కుతా," అని నాయనమ్మ.

"ఆ బావని ముందు గీకించుకోమను," అని ఈయన.

అలాగే ఆదివారం వచ్చింది. అలాగే గురజాల బస్సెక్కాం. కండక్టరు బాబాయిని కుడివైపు నుంచి చూసి ఒక టిక్కెట్టు ఇచ్చి, తిరిగొస్తూ ఎడమవైపు నుంచి చూసి ఇంకో టిక్కెట్టు అడిగాడు.

గురజాల ఇంట్లో కుర్చీ ఎక్కడ వేయాలో నేనే చూసుకున్నాను. అమ్మాయి వంటింట్లోంచి వస్తుంది కాబట్టి మీసం ఉన్న వైపు వంటింటికి, లేని వైపు గోడకి ఉండేలా కుర్చీ తిప్పాను. బాబాయికి మెడ కదపొద్దని చెప్పాను. ఆయన సగం పళ్ళని పెదవితో అదిమిపెట్టి, ఫొటోలో మనిషిలా కూర్చున్నాడు. పక్కన నాయనమ్మ కళ్ళు మూసుకుని ఏదో జపిస్తోంది. ఈ సంబంధం కూడా పళ్ళ దగ్గర ఆగితే నాలుగోది వెతికే ఓపిక ఆవిడకి లేదు.

అమ్మాయి అరిసెల పళ్ళెంతో వంటింట్లోంచే వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఒకసారి చూసింది. తల వంచుకుని లోపలికి వెళ్ళాల్సిన మనిషి, తిన్నగా నడిచి కుర్చీ చుట్టూ తిరిగి, గోడకీ కుర్చీకీ మధ్య సందులోకి వెళ్ళి అటువైపు కూడా చూసింది.

"ఇంగ్లండు ఎటు వైపండీ?" అంది.

బాబాయి బిగపట్టిన పెదవి వదిలేశాడు. పళ్ళు బయటికొచ్చేశాయి. "ఉన్న వైపు," అన్నాడు.

"లేని వైపే బాగుంది."

"ఇటు పళ్ళు కనపడతయ్ గదండీ."

"నవ్వితే ఎవరికైనా కనపడేయేగా. ఉన్న వైపు చూత్తే మా నాన్న ఈల వేసేముందు ఉన్నట్టుంది, భయం." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, చెరి సగం అన్నావు, బానే ఉంది. రెండు జతలూ సమానమైతే బరి మూసేటప్పుడు ఏం చేత్తావు?"

"రెండు జతల తాళ్ళూ ఒకేసారి విప్పమంటా."

"మరి ఈ రెండు అరమీసాలూ విప్పమనవేం?"

తీర్పులో లోపం ఉందని పెద్దాయనకి ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆయన మెడలో ఈల సర్దుకుని, "సరే, విప్పిద్దాం," అన్నాడు. అమ్మాయి మాత్రం ఇంకో మాట ఖాయం చేసింది: "ఆ జర్మనీ ఆయన్ని కూడా కూర్చోబెట్టాకే. ఒక్కరే తీయించుకుని ఓడిపోయొచ్చారంటే నేనొప్పుకోను."

బాబాయి ఆ మాటకి పడిపోయాడు. ఇంగ్లండు పరువు గురించి పట్టించుకున్న మొదటి ఆడమనిషి ఆమే.

ఆ వారంలోనే మా వసారాలో రెండు కుర్చీలు పడ్డాయి. ఒక మంగలాయన అయితే ముందు ఎవరో ఒకరిని మొదలుపెట్టాలి కాబట్టి ఇద్దరిని పిలిచాం. వాళ్ళల్లో ఏ పార్టీ వాడెవడో తేలడానికి ఒక పూట పట్టింది. ఒకాయనకి జర్మనీ అంటే అభిమానమని తేలితే, చెయ్యి వెనకాడకుండా ఆయన్ని బాబాయికి, ఇంగ్లండు అభిమానిని షెడ్డు మామకి వేశాం. కారు పందేలకి నలుపూ తెలుపూ గళ్ళ జెండా ఊపుతారని పుస్తకంలో ఉంది. మా దగ్గర ఉన్నది షెడ్డు మామ గళ్ళ లుంగీ. ఆయన పాంటేసుకొచ్చి లుంగీ ఇచ్చాడు. టీ హోటలాయన దాన్ని కర్రకి కట్టి పట్టుకున్నాడు. పెద్దాయన ఈల వేశాడు. లుంగీ దిగింది. రెండు కత్తులూ దిగాయి.

రెండు అరమీసాలూ ఒకేసారి రాలాయని పెద్దాయన తీర్పు. షెడ్డు మామ మాత్రం లుంగీ దిగకముందే తన మంగలాయన చెయ్యి కదిలిందనీ, అది ఇంగ్లండు కుట్రనీ పెళ్ళి భోజనాల దాకా అంటూనే ఉన్నాడు. పెళ్ళి ఫొటోలో ఇద్దరూ బోడి మూతులతో పక్కపక్కనే నిలబడి ఉంటారు. బాబాయి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. మా పిన్ని ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని మీసం పెంచనివ్వలేదు. మీగడ మళ్ళీ మా కంచాల్లోకి వచ్చింది.

పెళ్ళి సామానుతో పాటు గురజాల నుంచి విడిగా ఒక కొత్త తువ్వాలు వచ్చింది. పెద్దాయన మాట తప్పే మనిషి కాదు, అది తోలినవాడిది. ఫ్రాన్సు నుంచి ఎవరూ రాలేదు. చాలా ఏళ్ళు పిన్ని దాన్ని పెట్టెలో దాచింది. షెడ్డు మామ ఒక వర్షాకాలం అడిగి తీసుకెళ్ళి, దాంతో ఇంజను తుడుచుకున్నాడు. జర్మనీ ఇంజనే.